గొంతుల పెద్దమ్మ

సాయంత్రం స్నానాల వేళ మా హోమ్‌కి కొత్తవాళ్ళెవరైనా వస్తే సంతలో అడుగుపెట్టామేమో అనుకుంటారు. వేడినీళ్ళ కోసం తోసుకునేవాళ్ళు, సబ్బు కళ్ళలో పడిందని వీధి చివరిదాకా వినపడేలా ఏడ్చేవాళ్ళు, తువ్వాలు చుట్టుకుని నడవాలో పరుగు పందేలు పెట్టేవాళ్ళు. నేను ఆ నడవా చివర కుర్చీ వేసుకుని, దువ్వెన పట్టుకుని కూర్చునేదాన్ని. నా చేత తల దువ్వించుకోకుండా ఏ పిల్లా భోజనాల గదిలోకి వెళ్ళడానికి వీల్లేదు. సూపరింటెండెంట్ చేయాల్సిన పనేనా ఇది అని మా పై ఆఫీసరు ఒకసారి నవ్వాడు. పిల్లల ఒంటి మీద దెబ్బలున్నాయో లేదో ఆఫీసు గదిలో కూర్చుంటే కనపడదు సార్, తల దువ్వేటప్పుడు కనపడుతుంది అన్నాను. ఆయన మళ్ళీ నవ్వలేదు.

మా దగ్గర ఉండేది అమ్మానాన్నా లేని ఆడపిల్లలు, ఉన్నా లేనట్టే అయినవాళ్ళు. వాళ్ళ కోసం నేను పెట్టిన రూళ్ళు చూసి పనివాళ్ళు నన్ను వెనకాల రూళ్ళకర్ర అనుకునేవాళ్ళు. అనుకోనీ. తలుపేసిన గదిలో ఏ పెద్ద మనిషీ ఒక్క పిల్లతో ఒంటరిగా ఉండకూడదు, రెండో మనిషి పక్కన ఉండాల్సిందే. ఏ పిల్లయినా ఫలానా మనిషిని చూస్తే భయంగా ఉంది అంటే, ఆ మనిషి ఆ రోజే పిల్లల దగ్గర నుంచి తప్పుకోవాలి. నిజమా అబద్ధమా అనేది తర్వాత తేలుస్తాం. ఇంత పట్టుదల ఎందుకో తెలియాలంటే నాకు ముందు ఇక్కడ సూపరింటెండెంటుగా చేసినావిడ సంగతి తెలియాలి.

ఆవిణ్ణి అందరూ పెద్దమ్మ అనేవాళ్ళు. పిల్లలు మాత్రం వాళ్ళలో వాళ్ళు గొంతుల పెద్దమ్మ అనుకునేవాళ్ళు. ఎవరి గొంతు విన్నా అచ్చం దించేసేదట. వార్షికోత్సవాలకి స్టేజీ ఎక్కి ఆఫీసర్ల గొంతులతో మాట్లాడితే ఆ ఆఫీసర్లే కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళట. స్టేజీ దిగాక ఆ విద్యతో ఏం చేసేదో పిల్లలకి తెలుసు. పొద్దుగూకే వేళ అల్లరి చేసినవాళ్ళని దుప్పట్ల గదిలోకి నెట్టి బయట గడియ వేసేది. భయపడి ఎక్కడో దాక్కున్న పిల్లని వంటావిడ గొంతుతో పిలిచేది, రా తల్లీ పాలు తాగుదువుగాని అని. ఒక పిల్లనైతే, ఒక్కసారే వచ్చి చూసి వెళ్ళిపోయిన దాని తల్లి గొంతుతో పిలిచిందట. ఆ పిల్ల పరిగెత్తుకుంటూ బయటికొచ్చిందట. 

పిల్లలు ఎంతమందికి చెప్పినా ఎవరూ నమ్మలేదు. చివరికి ఎవరో నమ్మి విచారణ పెట్టించేసరికి పెద్దమ్మ ఆ దుప్పట్ల గదిలోనే కుప్పకూలి చనిపోయింది. పోయినావిడ మీద విచారణేంటని ఫైలు మూసేశారు. ఆ కుర్చీలోకి నేనొచ్చాను. పెద్దమ్మ తర్వాత వచ్చాను కాబట్టి నన్ను పిన్నీ అని పిలవమన్నాను. మొదటిసారి పిల్లలు నవ్వింది అప్పుడే.

దుప్పట్ల గదికి బయట ఉన్న గడియ నేనే దగ్గరుండి ఊడబీకించాను. దాన్ని తలుపు లోపలివైపు, పిల్లల చేతికి అందేంత కింద పెట్టించాను. భయమేసిన పిల్ల తనే వెళ్ళి గడియ వేసుకుని కూర్చోవచ్చు, ఎవరూ తిట్టరు అని చెప్పాను. జైలుని తీసుకొచ్చి పిల్లల కోటగా మార్చానని లోలోపల తెగ మురిసిపోయాను.

కొన్నాళ్ళకి పిల్లలు మళ్ళీ చెప్పడం మొదలుపెట్టారు. పెద్దమ్మ వస్తోంది పిన్నీ. నీ గొంతుతో పిలుస్తోంది.

పనివాళ్ళు కొట్టిపారేశారు. నేను దెయ్యాల్ని నమ్మను. కానీ పిల్లల్ని నమ్ముతాను. ఎవరో వస్తున్నారని పిల్ల చెప్పిందంటే ఎవరో వస్తున్నట్టే. తాళాలు మార్పించాను. వెనక గోడ పక్కన పొదలు కొట్టించాను. నడవా పొడుగునా బల్బులు పెట్టించాను. అయినా ఆగలేదు. అప్పుడు ఒక ఉపాయం చేశాను. ప్రతి పిల్లా తనకి నచ్చిన ఒక గుర్తు మాట ఎంచుకుని నా చెవిలో చెప్పాలి. ఆ మాట ఆ పిల్లకీ నాకూ తప్ప మూడో మనిషికి తెలియదు. చెప్పుకున్నా చెవిలోనే, పైకి అనకూడదు. ఎవరైనా పిలిస్తే, నా గొంతుతో పిలిచినా సరే, ముందు మాట అడగాలి. చెప్పకపోతే వెళ్ళకూడదు.

పని చేసింది. మాట అడిగితే ఆ గొంతు ఆగిపోతోందని పిల్లలు వచ్చి చెప్పారు. పక్క తడిపేవాళ్ళు మానేశారు. ఒకరిద్దరు కాస్త ఒళ్ళు కూడా చేశారు. వచ్చే ఆ మనిషి ఎవరో మాత్రం నాకు తెలియలేదు. ఎవరైతేనేం, నా పిల్లల్ని ముట్టుకోలేకపోయింది కదా అనుకున్నాను.

అందరిలోకీ చిన్నది గువ్వ. అసలు పేరుతో ఎవరూ పిలిచేవాళ్ళు కాదు. వచ్చినప్పటి నుంచీ గుసగుసగా తప్ప మాట్లాడేది కాదు, అదీ నాతోనే. వచ్చిన కొత్తలో పెదవి కూడా విప్పలేదు. గుర్తు మాట సంగతి చెప్పి చెవి ఒగ్గితే, చాలాసేపు ఆలోచించి, నా చెవికి నోరు ఆనించి "ఉడత పళ్ళు" అంది. ఆ పిల్ల నోట నేను విన్న మొదటి మాట అది. ఎందుకు నవ్వొచ్చిందో, ఎందుకు ఏడుపొచ్చిందో నాకే తెలియదు, రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ రోజు నుంచీ నా కొంగు పట్టుకునే తిరిగేది.

ఆ సాయంత్రం మబ్బు బాగా పట్టింది. స్నానాలు సగంలో ఉండగా వాన మొదలైంది, వెంటనే కరెంటు పోయింది. బ్యాటరీ దీపాలు కాసేపు వెలిగి అవీ ఆరిపోయాయి. పిల్లలు కెవ్వుమన్నారు. అందులో భయం కొంచెం, సరదా ఎక్కువ. ఆయా, నేనూ కలిసి అందర్నీ భోజనాల గదిలోకి తోలాం. వంటగదిలోంచి పడుతున్న పొయ్యి వెలుగులో వంటావిడ తలలు లెక్కపెట్టింది. ఇంకోసారి లెక్కపెట్టింది.

"మేడమ్మా... గువ్వ లేదు," అంది.

ఆయాని పిల్లల దగ్గరే ఉండమని నేను నడవాలోకి వచ్చాను. ఉన్న ఒక్క ఎమర్జెన్సీ లైటూ వంటగదిలో ఎక్కడుందో వెతికి పట్టుకురమ్మని వంటావిడకి చెప్పి, ఆగలేక ముందే బయలుదేరాను. తెలిసిన నడవాయే కదా, కళ్ళు మూసుకుని నడవగలను అనుకున్నాను. ఆ చీకట్లో కళ్ళు తెరిచినా మూసినా ఒకటే అయింది. కాళ్ళ కింద తడి. గోడ మీద చెయ్యి పెడితే చెమ్మ. ఒక కుళాయి ఎవరూ కట్టేయక చుక్కలు చుక్కలుగా కారుతోంది. సబ్బు వాసన, ఫినాయిల్ వాసన, తడి తువ్వాళ్ళ వాసన. ఇవన్నీ రోజూ ఉండేవే. స్నానాల గదులు దాటాక ఇంకో వాసన వచ్చింది. కలరా ఉండల వాసన.

పెద్దమ్మ దుప్పట్ల మధ్య పెట్టించిన ఆ ఉండల్ని పిల్లలు మిఠాయి అనుకుని నోట్లో పెట్టుకుంటారని, నేను వచ్చిన మొదటి వారమే బయట పారేయించాను. మా హోమ్‌లో కలరా ఉండ అన్నది లేదు.

దుప్పట్ల గది తలుపు నెట్టాను. లోపల గడియ వేసి ఉంది. నా ప్రాణం కుదుటపడింది. తెలివైన పిల్ల, చెప్పినట్టే చేసింది.

"గువ్వా... నేనమ్మా, పిన్నిని."

లోపల చిన్న కదలిక. తర్వాత తలుపు సందులోంచి గుసగుస.

"ఇందాక నువ్వు పిలిచావు. స్నానాల గది దగ్గర. కానీ నువ్వు కాదు."

"నేను పిలవలేదు బంగారం."

"మాట అడిగాను. చెప్పలేదు. నవ్వింది. అందుకే ఇక్కడికొచ్చేశా."

"మంచి పని చేశావు."

"నువ్వు చెప్పు మాట."

తలుపుకి నోరానించి మెల్లగా చెప్పాను. పైన రేకుల మీద వాన దంచుతోంది. "వినపళ్ళేదు," అంది. ఇంకొంచెం గట్టిగా చెప్పాను. "ఊహూఁ," అంది. ఆ గొంతులో వణుకు విన్నాక నాకు ఇంకేం గుర్తు లేదు. అరిచాను.

"ఉడత పళ్ళు!"

నడవా ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఆ మాట వెళ్ళింది. అంతవరకు చుక్కలు కారుతున్న కుళాయి ఆగిపోయింది.

లోపల గడియ కిర్రుమంది. "తీస్తున్నా. నువ్వు లోపలికొచ్చి మళ్ళీ గడియ వేసెయ్. నేను బయటికి రాను. ఆవిడ అక్కడే ఉంది," అంది గువ్వ.

నా చెయ్యి అప్పటికే తలుపు మీద ఉంది. ఒక్క అడుగు వేస్తే సరిపోయేది. కానీ చీకటి గది, లోపల గడియ, ఒక పెద్ద మనిషి, ఒక్క పిల్ల. ఇలాంటి పనికే ఒక ఆయాని పోయిన నెల ఇంటికి పంపేశాను. పిల్ల ఏడుస్తుంటే సముదాయించడానికే వెళ్ళానమ్మా అని ఆవిడ నా కాళ్ళ మీద పడినంత పని చేసింది. రూలు అందరికీ ఒకటే అన్నాను. నాకు వేరే రూలు ఉంటుందా? పైగా దీపం లేదు. వంటావిడ ఎలాగూ వస్తూనే ఉంటుంది.

"ఆగు తల్లీ, తీయకు. వంటక్కని తీసుకుని ఇప్పుడే వస్తా. ఇద్దరం వచ్చి తీసుకెళ్తాం."

"త్వరగా రా పిన్నీ."

గడియ మళ్ళీ పడింది. గోడ తడుముకుంటూ పరిగెత్తాను. నడవా మలుపులోనే వంటావిడ లైటు పట్టుకుని ఎదురొచ్చింది. ఆవిడ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. పొంగుతున్న పాలు దించి పక్కన పెట్టేంతసేపు కూడా పట్టలేదు.

తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల గువ్వ మాట్లాడుతోంది. గుసగుసగా ఏదో అంటోంది. ఆగుతోంది. మళ్ళీ అంటోంది. ఒకసారి కిలకిలమని నవ్వింది కూడా. మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"గువ్వా, వచ్చాను. వంటక్క కూడా వచ్చింది. తలుపు తియ్యి."

నవ్వు ఆగిపోయింది.

"పిన్నీ..." అంది గువ్వ. నాతో కాదు. "మళ్ళీ వచ్చింది."

వంటావిడ లైటు తలుపు సందుకి దగ్గరగా పట్టింది. 

"ఎవరితో మాట్లాడుతున్నావమ్మా? లోపల ఎవరున్నారు?"

"పిన్ని ఉంది. మాట చెప్పింది, తీశాను."

"నేను ఇక్కడున్నాను కదా తల్లీ. ఉడత పళ్ళు. విన్నావా? ఉడత పళ్ళు..."

కాసేపు ఏమీ వినపడలేదు. లోపల ఎవరో ఏదో చెబుతుంటే వింటున్నట్టు ఉంది ఆ నిశ్శబ్దం.

"పిన్ని గట్టిగా అరిచినప్పుడు నువ్వు విన్నావంట," అంది గువ్వ. "నువ్వు నడవాలోనే ఉన్నావంట. అందుకే నీకు తెలుసంట."

 వంటావిడే తేరుకుని తలుపు తట్టింది. "నేను వంటక్కని రా చిన్నీ. నా గొంతు గుర్తుపట్టలా? తియ్యమ్మా."

"వంటక్క గొంతుతో కూడా పిలుస్తుంది. పెద్దక్కలు చెప్పారు."

నేను నేర్పించినవాటిలో ఆ పిల్ల ఒక్కటి కూడా మర్చిపోలేదు. గొంతు నమ్మకు. తొందరపెడితే అసలు నమ్మకు. తెలిసిన మనిషి నీ పక్కనే ఉంటే తలుపు తీయకు. ఎన్ని సాయంత్రాలు ఒళ్ళో కూర్చోబెట్టుకుని వల్లెవేయించానో. ఇప్పుడు నేను ఏం మాట్లాడినా అది దెయ్యం మాటే.

అప్పుడు లోపల నుంచి ఇంకో గొంతు వచ్చింది. మెల్లగా, విసుగూ ముద్దూ కలిసిన గొంతు.

"ఏడవకు. కాసేపుంటే అదే పోతుంది."

నా గొంతు. ఈ మధ్య జలుబు చేసినప్పటి నుంచి మాటకి ముందు నేను చేసే ఆ చిన్న గొంతు సవరింపుతో సహా.

వంటావిడ చప్పున నా చెయ్యి వదిలేసింది. లైటు ఎత్తి నా మొహం మీద వేసింది. నా కళ్ళలోకి చూసింది. ఆ ఒక్క క్షణం ఆవిడకి కూడా అనుమానం వచ్చింది. నేను చూశాను. ఆవిణ్ణి నేనేమీ అనను.

"గేటు తాతని పిలువక్కా. గునపం తెమ్మను," అన్నాను. నాకే నా గొంతు వినడానికి భయమేసింది.

గేటు దగ్గర కాపలా ఉండే తాత గునపంతో వచ్చాడు. మొదటి దెబ్బ పడగానే లోపల గువ్వ అరిచింది. గుసగుస తప్ప ఎరగని పిల్ల గొంతు చించుకుని అరిచింది. "పిన్నీ... వచ్చేస్తోంది పిన్నీ... నన్ను వదలకు పిన్నీ..." ప్రతి అరుపులోనూ నన్నే పిలుస్తోంది. నేనే ఇవతల నుంచి తలుపు బద్దలు కొట్టిస్తున్నాను. తాత ఆగిపోయి నా వైపు చూశాడు. కొట్టు తాతా, అన్నాను. కొట్టు. నేను ఏడుస్తున్న సంగతి నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

తలుపు విరిగి లోపలికి పడింది.

గదిలో ఎవరూ లేరు. అరల నిండా దుప్పట్లు. మూలన గువ్వ. ఆ మూలన ఒక దుప్పటి చక్కగా మడత విప్పి పిల్ల భుజాల చుట్టూ కప్పి, గడ్డం కింద దోపి ఉంది. చలికాలం నేను కప్పే పద్ధతి అదే. గువ్వ కుడి చెయ్యి గాల్లో ఉంది. ఎవరి నడుమునో చుట్టేసి పట్టుకున్నట్టు వంపు తిరిగి ఉంది. మేం చూస్తుండగానే ఆ చెయ్యి మెల్లగా, బలవంతాన ఎవరో విడిపించినట్టు కిందికి జారింది. కలరా ఉండల వాసన ఒక్కసారి గుప్పున కొట్టి పోయింది.

నేను మోకాళ్ళ మీద కూర్చున్నాను. చేతులు చాచాను. గువ్వ నా మొహంలోకి చాలాసేపు చూసింది. కళ్ళు, ముక్కు, నుదురు అన్నీ ఒక్కొక్కటిగా చూసింది.

"పిన్నిని ఏం చేశావు?" అంది.

మర్నాటికి సర్దుకుంటుంది అన్నారు అందరూ. సర్దుకోలేదు. నేను ఏ గదిలోకి వెళ్తే గువ్వ ఆ గదిలోంచి బయటికి పోయేది. వెళ్ళే దారి లేకపోతే గోడకి అతుక్కుని కళ్ళు మూసుకునేది. వంటావిడ ఒళ్ళో కూర్చుని ఏడ్చేది. ఎందుకేడుస్తోందో మొదట ఆవిడ నాకు చెప్పలేదు. పిల్ల చెప్పిన మాట దాచడం నా దగ్గర కుదరదని గట్టిగా అడిగితే తల దించుకుని చెప్పింది. "పిన్ని ఆ గదిలోనే ఉండిపోయిందట మేడమ్మా. చీకట్లో ఒక్కతే ఉందట. మనమంతా వదిలేసి వచ్చేశామట. తనని కూడా అక్కడికే పంపమంటోంది."

అంటే నా కోసమే ఏడుస్తోంది. నేను నాలుగడుగుల దూరంలో నిలబడి ఉండగా నా మీద బెంగ పెట్టుకుని చిక్కిపోతోంది. ఇలాంటి కష్టం పగవాళ్ళకి కూడా వద్దు. ఒకరోజు పట్టలేక దగ్గరికి తీసుకోబోయాను. ఊపిరి అందక మెలికలు తిరిగిపోయింది. వదిలేశాను. ఆ తర్వాత మిగతా పిల్లలు కూడా మారారు. పట్టపగలు నన్ను మాట అడగడం మొదలుపెట్టారు. చెప్పేదాన్ని. విని, ఒకరి మొహాలు ఒకరు చూసుకుని, సరేనండీ అనేవాళ్ళు. పిన్నీ అనేవాళ్ళు కాదు.

పై ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. వంటావిడని పక్కన కూర్చోబెట్టుకుని గువ్వతో ఓపిగ్గా మాట్లాడాడు. తర్వాత నన్ను పిలిచాడు.

"పిల్ల మిమ్మల్ని చూస్తే వణికిపోతోంది మేడం," అన్నాడు.

"తెలుసు సార్."

"ఇలాంటప్పుడు ఏం చేయాలో మీకంటే బాగా ఎవరికి తెలుసు?"

జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఆపకుండా విన్నాడు. చివర్లో నీళ్ళ గ్లాసు నా వైపు జరిపి, కొన్నాళ్ళు రెస్టు తీసుకోండి అన్నాడు. నన్ను పంపినా ఫరవాలేదు సార్, ముందు పిల్లల్ని ఈ బిల్డింగులోంచి తీసేయండి అని బతిమాలాను. చూద్దాం అన్నాడు. పోనీ కొత్తావిడ వచ్చేదాకానైనా నన్ను గేటు దగ్గర ఉండనివ్వండి, లోపలికి రాను, మాట్లాడను అన్నాను. ఆయన చేతులు పట్టుకోవడం ఒక్కటే తక్కువ.

"మేడం, ఇంతకు ముందు మీరు పంపించేసినవాళ్ళు కూడా ఇలాగే అడిగారా?" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అడిగాడు.

అడిగారు. ప్రతి ఒక్కళ్ళూ అడిగారు. పిల్ల పొరపాటు పడుతోంది, భయం నా వల్ల కాదు అని ప్రతి ఒక్కళ్ళూ అన్నారు. వాళ్ళలో కొందరు అబద్ధం చెప్పారని నాకు ఖాయంగా తెలుసు. నా ఒక్కదాని కోసం ఆ రూలు పక్కన పెడితే, రేపు ఏ అబద్ధాలకోరైనా నా పేరే చూపించి ఉండిపోతానంటాడు. పెట్టకపోతే గువ్వని నా చేతులతో నేనే ఆ గొంతుకి అప్పగించినట్టు. ఒక రాత్రంతా కూర్చుని ఆలోచించాను. దారి దొరకలేదు. తెల్లారాక తాళాలు వంటావిడ చేతిలో పెట్టాను. "సాయంత్రం పూట ఆ పిల్లని నీ కళ్ళ ముందు నుంచి కదలనివ్వకక్కా," అన్నాను. ఆవిడ ఒట్టేసింది.

సామాను సర్దుకునేసరికి సాయంత్రమైంది. గేటు తాత నా పెట్టె పట్టుకుని ముందు నడిచాడు. లోపల స్నానాల గోల మొదలైంది. బకెట్ల చప్పుడు, ఎవరో ఎవరి మీదో నీళ్ళు చల్లిన చప్పుడు. వెనక్కి తిరిగి చూడకూడదనుకున్నాను. తాత గేటు తీశాడు. పెట్టె బయట పెట్టడానికి వంగాడు.

లోపల గోల ఆగిపోయింది.

అంతమంది పిల్లలూ ఒక్కసారిగా... ఒక్క చప్పుడు లేదు.

తర్వాత ఒక నవ్వు. చిన్నపిల్ల నవ్వు, ఇల్లంతా మోగేలా, సంతోషం పట్టలేని నవ్వు. గువ్వ గట్టిగా నవ్వగా అంతకు ముందు ఎవరూ వినలేదు. "వచ్చేసింది... వచ్చేసింది..." అంటూ అరుస్తోంది. నడవాలో తడి కాళ్ళు పరిగెడుతున్న చప్పుడు. ఒకరు కాదు, అందరూ. అన్నీ ఒకే వైపుకి.

వంటగదిలోంచి వంటావిడ కేక వినపడింది. రోజూ ఆ వేళకి వేసే కేకే. మామూలుగా, ఏ భయమూ లేకుండా, పొద్దున నా దగ్గర తాళాలు తీసుకున్న సంగతే గుర్తు లేనట్టు.

"మేడమ్మా, టీ ఎక్కడికి తెమ్మంటారు?"

"ఇక్కడికే తేవక్కా," అంది నా గొంతు లోపల నుంచి. "పిల్లలు నన్ను కదలనివ్వట్లేదు."

తాత వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. మెల్లగా లేచి బిల్డింగు వైపు చూశాడు. తర్వాత నా కాళ్ళ వైపు చూశాడు. మొహం వైపు చూడలేదు.

"తాతా," అన్నాను. "విన్నావుగా. అది నేను కాదు. నేను ఇక్కడే..."

నా మాట వినపడగానే ఆయన వెనక్కి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు. గేటు లోపలికి వెళ్ళిపోయాడు. గేటు మూసి, గొలుసు చుట్టి, తాళం వేశాడు. నేను ఊచలు పట్టుకుని ఊపాను. పిలిచాను. బతిమాలాను. ఊచలకి ఆ పక్కన, తల వంచుకుని, ఆయన రెండు చేతులూ జోడించాడు.

"నీకు దణ్ణం పెడతాను తల్లీ," అన్నాడు గుసగుసగా. "మా పిల్లల జోలికి రాకు."